బోధిధర్ముడు: కంచి నుంచి షావోలిన్ దాకా

చైనాలోని హెనాన్ ప్రావిన్స్‌లో, డెంగ్‌ఫెంగ్ పట్టణానికి దగ్గరగా, సోంగ్ పర్వతం ఒడిలో షావోలిన్ అనే బౌద్ధ ఆలయం ఉంది. ఒకప్పుడు భిక్షువులు ధ్యానం చేసుకున్న చోటు అది. ఈనాడు ఏటా లక్షల మంది పర్యాటకులు టికెట్ కొనుక్కుని వెళ్తున్నారు. వాళ్లలో చాలామంది చూడాలనుకునేది కర్ర తిప్పే, గాలిలో పల్టీలు కొట్టే సన్యాసులను. ఈ కుంగ్‌ఫూ విద్యకు ఆది గురువు ఎవరని అడిగితే వినిపించే పేరు మన దక్షిణ భారతం నుంచి వెళ్లిన బోధిధర్ముడు.

2011లో తమిళంలో 7ఆమ్ అరివు, తెలుగులో సెవెన్త్ సెన్స్ పేరుతో సినిమా వచ్చాక తమిళనాట పిల్లలకు కూడా ఈ పేరు పరిచయమైంది. కంచి పల్లవ రాకుమారుడు చైనా వెళ్లి వైద్యం, యుద్ధ విద్య నేర్పాడని అందులో చూపారు. అప్పటి నుంచి మన సంఘాల్లోనూ ఒక ప్రశ్న తిరుగుతోంది. ఆయన తమిళుడా, తెలుగువాడా? పల్లవులు పల్నాటి వారు కదా, అలాంటప్పుడు ఆయన మనవాడే కదా అని కొందరి వాదన.

ఆఫీసులో ఏళ్ల తరబడి ఫైళ్లు చూసినవారికి ఒక పద్ధతి అలవడుతుంది. ఏ కాగితం ముందు పుట్టింది, ఏది తర్వాత వచ్చి చేరింది అని తేదీలు చూస్తారు. బోధిధర్ముని జీవితాన్నీ ఆ పద్ధతిలోనే చదివితే, వాదన కంటే విలువైన సంగతి ఒకటి బయటపడుతుంది.

పుట్టుక

ఆయన గురించి రాసిన అన్నిటికంటే పాత పుస్తకం 547 నాటిది. లువోయాంగ్ నగరం ఉత్తర వెయ్ రాజ్యానికి రాజధానిగా ఉండి, 534లో పాడుబడింది. యాంగ్ షువాన్‌జీ అనే ఉద్యోగి ఆ శిథిలాలు చూసి, అక్కడి బౌద్ధ ఆలయాల జ్ఞాపకాలను గ్రంథంగా రాశాడు. అందులో బోధిధర్ముడు పారసీక దేశం నుంచి వచ్చిన ముసలి భిక్షువు. వయసు 150 ఏళ్లని తానే చెప్పుకున్నాడట. లువోయాంగ్‌లోని యోంగ్‌నింగ్ ఆలయ గోపురం చూసి, ఎన్నో దేశాలు తిరిగినా ఇంత అందం చూడలేదని మెచ్చుకుని, చేతులు జోడించి రోజుల తరబడి నమో అంటూ నిలబడ్డాడట. ఆ తొమ్మిది అంతస్తుల గోపురం కట్టడం 516లో మొదలైంది, 534లో కాలిపోయింది. కాబట్టి ఈ మాట నమ్మితే, ఆ రెండు ఏడాదుల మధ్య ఆయన లువోయాంగ్‌లో ఉన్నట్టు.

రెండో ఆధారం ఆయన బోధకు ముందుమాట రాసిన తాన్‌లిన్‌ది. ఈయన దాదాపు అదే కాలపు వాడు. బోధిధర్ముడు దక్షిణ భారత దేశస్థుడని, ఒక గొప్ప రాజుకు మూడో కొడుకని ఆయన రాశాడు. 645లో దావోషువాన్ అనే భిక్షువు పెద్ద పెద్ద భిక్షువుల జీవితాలను కూర్చినప్పుడు, బోధిధర్ముడు దక్షిణ భారత బ్రాహ్మణ కులస్థుడని, సముద్రం మీద చైనా దక్షిణ తీరానికి చేరాడని, అప్పుడు అక్కడ సోంగ్ వంశం ఏలుతోందని రాశాడు. ఆ వంశం 479తో ముగిసింది. అంటే ఆయన 5వ శతాబ్దంలోనే ఓడ దిగి ఉండాలి. తర్వాత ఉత్తరానికి వెళ్లి వెయ్ రాజ్యంలో స్థిరపడ్డాడు.

ఈ మూడు పాత ఆధారాల్లో కంచి పేరు లేదు. అది చాలా తర్వాతి చైనా గ్రంథాల్లో షియాంగ్‌జీ అనే రూపంలో వస్తుంది. దాన్ని కొందరు పండితులు కంచిగా పోల్చారు. పల్లవుల శాసనాల్లో ఎక్కడా బోధిధర్ముని పేరు కనిపించదు.

ఆనాటి కంచి, ఆనాటి ఆంధ్రం

అయినా కంచి నుంచి ఒక బౌద్ధ పండితుడు బయల్దేరాడంటే నమ్మడానికి కష్టమేమీ లేదు. 7వ శతాబ్దంలో షువాన్‌జాంగ్ వచ్చినప్పుడు కంచిలో వందకు పైగా సంఘారామాలు, సుమారు 10,000 మంది భిక్షువులు ఉన్నారని రాశాడు. నలందా మహావిహారానికి పెద్దగా ఎదిగిన ధర్మపాలుడు కంచిలో పుట్టినవాడే. కామాక్షి ఆలయం పరిసరాల్లో దొరికిన పాత బుద్ధ విగ్రహం మదరాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

ఇక మన సంబంధం మాట. పల్లవుల తొలి శాసనాలు కొన్ని గుంటూరు సీమలో దొరికాయి. పల్నాటి మంచికల్లులో సింహవర్మ శాసనం, నరసరావుపేట దగ్గరి మైదవోలులో శివస్కందవర్మ తామ్ర శాసనం ప్రాకృతంలో ఉన్నాయి. బోధిధర్ముడు బతికిన కాలానికి దగ్గరగా, 5వ, 6వ శతాబ్దాల్లో పల్లవులు ఇచ్చిన ఓంగోడు, పికిర, ఉరువుపల్లి వంటి దానాలు నేటి ఒంగోలు, నెల్లూరు ప్రాంతాలవి. అవి సంస్కృతంలో ఉన్నాయి. అప్పటి రాజులకు తమిళ సీమ, తెలుగు సీమ రెండూ ఒకే ఏలుబడి. బౌద్ధ భిక్షువులకు సరిహద్దు అసలే లేదు. కృష్ణా తీరంలోని ధాన్యకటకం నుంచి కంచికి, కంచి నుంచి సింహళానికి వాళ్లు నడిచిన దారులు ఒకటే. ఇప్పటి రాష్ట్రాల గీతలు తీసుకెళ్లి ఆ మనిషి మీద గీస్తే నిలవవు.

జెన్ సంప్రదాయం వారు చెప్పే గురుపరంపరలో భారతదేశపు గురువులు 28 మంది. అందులో 14వ వాడు ఆచార్య నాగార్జునుడు, 28వ వాడు బోధిధర్ముడు. ఈ వరస చైనాలో తర్వాతి కాలంలో కూర్చినది. అయినా కృష్ణా తీరపు శ్రీపర్వతంతో పేరు ముడిపడిన నాగార్జునుని తమ పూర్వ గురువుగా చైనా, కొరియా, జపాన్ దేశాల వారు ఇవాళ్టికీ తలుచుకుంటారన్నది నిజం. మనకు గర్వం కావాలంటే ఇది చాలు.

ఆయన నేర్పింది

చైనాలో ఆయన ఏం బోధించాడన్నది తాన్‌లిన్ ముందుమాట రాసిన చిన్న గ్రంథంలో ఉంది. ధర్మంలోకి వెళ్లడానికి దారులు రెండని చెప్పాడు. మొదటిది తత్త్వం గ్రహించడం. మనసును గోడలా కదలకుండా నిలిపి, తాను, ఇతరులు, సామాన్యుడు, జ్ఞాని అనే భేదం లేదని తెలుసుకోవడం. రెండోది నడవడి. అందులో నాలుగు మెట్లు. కష్టం వస్తే పూర్వ కర్మ ఫలమని ఓర్చుకోవడం, సుఖం వచ్చినా పరిస్థితుల వల్ల వచ్చిందని పొంగిపోకపోవడం, దేనినీ కోరి వెంట పడకపోవడం, ధర్మానికి తగినట్టు నడుచుకోవడం. భగవద్గీత విని పెరిగిన మన పెద్దలకు ఇందులో కొత్తగా తోచేది తక్కువ.

ఆయన ముఖ్య శిష్యుడు హుయికే. అతనికి లంకావతార సూత్రం అప్పగించాడని దావోషువాన్ రాశాడు. సోంగ్ పర్వతం, లువోయాంగ్ ప్రాంతంలో ఆయన తిరిగి బోధించాడని కూడా రాశాడు. గ్రంథాల కంటే ధ్యానానికి పెద్ద పీట వేసిన ఈ బోధను చాలామంది అప్పట్లో ఎగతాళి చేశారట. శిష్యులు కొద్దిమందే. ఎక్కడ, ఎప్పుడు చనిపోయాడో పాత ఆధారాలు తేల్చవు. ధ్యానం అనే మన మాటే చైనాలో చాన్ అయింది, జపాన్‌లో జెన్ అయింది. ఆయన తర్వాత ఆ చిన్న గుంపే పెరిగి పెద్ద సంప్రదాయమైంది.

ఇందులో ఎక్కడా కత్తి లేదు, కర్ర లేదు, పిడికిలి లేదు.

పెరిగిన కథ

ఆయన పోయాక రెండు వందల ఏళ్లకు కథలు చేరడం మొదలైంది. 8వ శతాబ్దపు రచనల్లో లియాంగ్ రాజ్యపు వూ చక్రవర్తితో భేటీ వస్తుంది. ఈ చక్రవర్తి 502 నుంచి 549 దాకా ఏలాడు. గొప్ప బౌద్ధ భక్తుడు. తాను ఇన్ని ఆలయాలు కట్టించాను, ఇంతమందిని భిక్షువులను చేశాను, నాకు ఎంత పుణ్యం వచ్చిందని అడిగితే, ఏమీ రాలేదని బోధిధర్ముడు చెప్పాడట. చక్రవర్తికి ఆ మాట ఎక్కలేదు. ఆయన అక్కడి నుంచి లేచి, ఒక్క రెల్లు గడ్డి మీద నిలబడి యాంగ్‌జీ నది దాటి ఉత్తరానికి వెళ్లాడట. తేదీలు చూస్తే ఈ భేటీ జరగడం అనుమానమే. దావోషువాన్ లెక్క ప్రకారం ఆయన దేశంలో అడుగుపెట్టినప్పటికి లియాంగ్ రాజ్యం ఇంకా పుట్టలేదు. అయినా కథలో ఒక సత్యం ఉంది. కట్టడాల లెక్క వేరు, ధర్మం లెక్క వేరు.

షావోలిన్‌తో ఆయనను గట్టిగా కలిపిందీ 8వ శతాబ్దమే. మనసును గోడలా నిలపడమనే పాత బోధ కాస్తా, షావోలిన్ వెనక కొండ గుహలో తొమ్మిదేళ్లు గోడకు ఎదురుగా కూర్చున్నాడనే కథగా మారింది. శిష్యుడు హుయికే చెయ్యి దొంగలు నరికారని దావోషువాన్ రాశాడు. తర్వాతి కథలో గురువు తనవైపు తిరగాలని మంచులో నిలబడి, తన చెయ్యి తానే నరుక్కుని సమర్పించాడని వచ్చింది. నిద్ర వస్తోందని గురువు కనురెప్పలు కోసి పారేస్తే అవి తేయాకు మొక్కలై మొలిచాయని జపాన్ కథ. చనిపోయాక ఆయన ఒక చెప్పు చేత పట్టుకుని పశ్చిమానికి వెళ్తూ, సోంగ్ యున్ అనే రాయబారికి పామీర్ కొండల్లో ఎదురయ్యాడని మరొకటి. సోంగ్ యున్ నిజంగా ఉన్న మనిషే. కానీ బోధిధర్ముడు పోయాడని ఆ కథలు చెప్పే ఏడాదులకు ముందే ఆయన ప్రయాణం ముగించుకుని ఇల్లు చేరాడు.

1004లో కూర్చిన పెద్ద చాన్ గ్రంథం ఈ కథల్లో చాలావాటిని ఒక చోట చేర్చింది.  అప్పటికి కూడా వాటిలో యుద్ధ విద్య ఊసు లేదు.

షావోలిన్‌కు కర్ర ఎలా వచ్చింది

షావోలిన్ ఆలయాన్ని బోధిధర్ముడు కట్టించలేదు. ఉత్తర వెయ్ చక్రవర్తి షియావోవెన్ 495లో బాతువో అనే భిక్షువు కోసం కట్టించాడు. ఆ బాతువో కూడా భారతదేశం నుంచి వెళ్లినవాడే. చైనా వారి యుద్ధ విద్యలు ఆలయం కంటే పాతవి. కొండల్లో, దారిదొంగల మధ్య, భూములున్న ఆలయానికి కాపలా అవసరమైంది.

621లో చైనా సింహాసనం కోసం జరిగిన యుద్ధంలో షావోలిన్ భిక్షువులు లీ షీమిన్ పక్షాన నిలిచారు. ఆయన తర్వాత తాంగ్ చక్రవర్తి తైజాంగ్ అయ్యాడు. సాయం చేసిన 13 మంది భిక్షువుల పేర్లున్న 728 నాటి శిలాశాసనం ఇప్పటికీ ఆలయంలో ఉంది. కంచి, ధాన్యకటకం చూసి వెళ్లిన షువాన్‌జాంగ్ ఇదే లువోయాంగ్ ప్రాంతంలో పుట్టినవాడు. అనువాదాలు చేసుకోవడానికి షావోలిన్‌లో ఉంటానని ఈ తైజాంగ్‌నే కోరితే ఒప్పుకోలేదు. తన భారత యాత్రా గ్రంథంలో కంచి గురించి అంత రాసిన షువాన్‌జాంగ్, బోధిధర్ముని పేరు మాత్రం ఎత్తలేదు.

షావోలిన్ పేరు యుద్ధ విద్యకు మారుపేరైంది మింగ్ వంశ కాలంలో. 16వ శతాబ్దంలో తీరంలో సముద్ర దొంగల మీదికి షావోలిన్ భిక్షువులను పంపారు. వాళ్ల ఆయుధం కర్ర. ఆ కర్ర విద్య ఎవరిచ్చారని అప్పటి భిక్షువులను అడిగితే కిన్నర రాజని చెప్పేవారు. ఆలయం వంటింట్లో పొయ్యి కర్ర పట్టుకుని దొంగలను తరిమిన దేవతగా ఆయనను కొలిచారు. 1517 నాటి శాసనం కూడా అదే చెబుతుంది. అంటే బోధిధర్ముడు పోయి దాదాపు వెయ్యేళ్లు గడిచినా, షావోలిన్ వారు యుద్ధ విద్యను ఆయనకు అంటగట్టలేదు.

అది జరిగింది 1624 ప్రాంతంలో, యిజిన్ జింగ్ అనే వ్యాయామ గ్రంథంతో. కండలు, నరాలు గట్టిపరిచే ఈ విద్య బోధిధర్ముడు గుహలో వదిలి వెళ్లాడని అందులో ఉంది. పాతదిగా కనబడాలని 7వ, 12వ శతాబ్దాల ప్రముఖుల పేర్లతో ముందుమాటలు పెట్టారు. అవి దొంగ ముందుమాటలని తర్వాత చైనా పండితులే తేల్చారు. 20వ శతాబ్దం మొదట్లో వచ్చిన ఒక నవల ఈ కథను ఇంటింటికీ చేర్చింది. 1930లో తాంగ్ హావో అనే పరిశోధకుడు షావోలిన్ విద్యకూ బోధిధర్మునికీ సంబంధం లేదని పుస్తకమే రాశాడు. సినిమాలు ఆయన మాట వినలేదు.

ఆలయం నుంచి పర్యాటక కేంద్రం దాకా

1928లో షీ యోసాన్ అనే సేనాని ఆలయాన్ని తగలబెట్టాడు. ముఖ్య భవనాలు, గ్రంథాలయం కాలిపోయాయి. ఆ తర్వాత యుద్ధాలు, సాంస్కృతిక విప్లవం. కొద్దిమంది ముసలి భిక్షువులు మాత్రమే మిగిలిన ఆలయాన్ని నిలబెట్టింది ఒక సినిమా. 1982లో జెట్ లీ నటించిన షావోలిన్ టెంపుల్ విడుదలైంది. చైనా నలుమూలల నుంచి జనం పోటెత్తారు. ఇళ్లు వదిలి కుంగ్‌ఫూ నేర్చుకోవడానికి పిల్లలు వచ్చారు. డెంగ్‌ఫెంగ్ చుట్టూ పదుల సంఖ్యలో బడులు వెలిశాయి. కొన్నిటిలో వేల మంది విద్యార్థులు. పేద రైతుల పిల్లలు ఎందరో అక్కడ చదువుకుని పోలీసు, సైన్యం, సినిమా రంగాల్లో ఉద్యోగాలు తెచ్చుకున్నారు. ఆ మేలు చిన్నది కాదు. కాలిపోయిన మండపాలు మళ్లీ లేచింది కూడా ఆ డబ్బుతోనే.

ఆలయం చుట్టూ దుకాణాలు, హోటళ్లు, బడులు కిక్కిరిసిపోవడంతో 2000 తర్వాత వాటిని, వాటితో పాటు అక్కడి ఊరి వారి ఇళ్లను ఖాళీ చేయించారు. తరతరాలుగా ఆ లోయలో బతికినవారు వేరే చోటికి మారాల్సి వచ్చింది. 2010లో డెంగ్‌ఫెంగ్ చారిత్రక కట్టడాలకు యునెస్కో గుర్తింపు వచ్చింది. అందులో షావోలిన్, అక్కడి సమాధి గోపురాల వనం, బోధిధర్ముని పేర 1125లో కట్టిన చూజు ఆలయం ఉన్నాయి. ఆలయం పేరుతో కంపెనీ, ప్రదర్శన బృందాలు, విదేశాల్లో శాఖలు వచ్చాయి. టికెట్ డబ్బులో వాటా కోసం ఆలయానికీ, స్థానిక పర్యాటక యంత్రాంగానికీ కోర్టు తగాదా నడిచింది. 2025 జూలైలో ఆలయ నిధుల దుర్వినియోగం ఆరోపణల మీద అప్పటి ప్రధానాచార్యునిపై విచారణ మొదలై, పదవి పోయింది. కొత్త ఆచార్యుడు వచ్చారు.

ఇప్పుడు వెనక్కి తిరిగి వూ చక్రవర్తి కథ చూడండి. కట్టించినదంతా లెక్కపెట్టి పుణ్యం ఎంత అని అడిగిన రాజుకు సున్నా అని చెప్పిన మనిషి పేరు మీదే ఈ లెక్కలన్నీ నడుస్తున్నాయి. దేనినీ కోరి వెంట పడవద్దన్నవాడు టికెట్ మీది బొమ్మ అయ్యాడు. షావోలిన్‌ను తప్పు పట్టి లాభం లేదు. జనం రాకపోతే ఆ ఆలయం పాడుబడేది. కర్ర విద్య కూడా వాళ్ల నిజమైన వారసత్వమే, వాళ్లు యుద్ధంలో పాల్గొన్నారనడానికి 728 శాసనం సాక్షి. ఇబ్బంది ఒక్కటే. విద్యకు అసలు వారసులైన ఆ 13 మంది భిక్షువులూ, కిన్నర రాజూ మరుగున పడ్డారు. ధ్యానం నేర్పిన వాడికి పిడికిలి తగిలించారు. ఇద్దరికీ అన్యాయం జరిగింది.

మనం చేయవలసింది

మన బౌద్ధ క్షేత్రాలకూ పర్యాటకం వస్తోంది. రావాలి కూడా. నాగార్జునకొండ లోయ సాగర్ నీటి కింద మునిగినా, 1954 నుంచి 1960 దాకా తవ్వి తీసిన సంపద ద్వీపంలోని మ్యూజియంలో ఉంది. 2022లో సాగర్ దగ్గర బుద్ధవనం ప్రారంభమైంది. అమరావతి శిల్పాలు మదరాసు ఎగ్మూరులోనూ, లండన్‌లోనూ ఉన్నాయి. రేపు ఈ చోట్లకు జనాన్ని రప్పించడానికి ఎవరైనా బోధిధర్ముని తెలుగు కుంగ్‌ఫూ వీరునిగా నిలబెట్టాలని చూస్తే, మన సంఘాలు చప్పట్లు కొట్టకూడదు. తమిళ సోదరులు కంచి వీరుడంటే, మనం పల్నాటి వీరుడనడం ఒకే దొంగ ముందుమాటకు రెండో ప్రతి తీసినట్టు అవుతుంది.

కంచిలోనూ, మదరాసులోనూ తరాలుగా ఉంటున్న మనవారికి ఒక మనవి. సెలవుల్లో పిల్లలను కామాక్షి, ఏకాంబరనాథ ఆలయాలకు తీసుకెళ్లినప్పుడు, ఈ వీధుల్లో ఒకప్పుడు వేల మంది భిక్షువులు ఉండేవారని చెప్పండి. ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి రాళ్లు, కంచి బుద్ధుడు రెండూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఒక పూట వెళ్లి చూపించండి. దక్షిణ దేశం నుంచి ఒకాయన సముద్రం దాటి, తెలియని భాష నేర్చుకుని, కొద్దిమంది శిష్యులకు మనసు నిలపడం నేర్పి, ఏ పుణ్యం లెక్కా పెట్టుకోకుండా వెళ్లిపోయాడని చెప్పండి. కుంగ్‌ఫూ ఏదని పిల్లలు అడుగుతారు. అది షావోలిన్ భిక్షువులు తమ చెమటతో సంపాదించుకున్న విద్య అని, వాళ్ల పేరు వాళ్లకే ఉండనివ్వాలని చెప్పండి.